రన్‌టైమ్ ఫీజు పెట్టి, ఏడాదికి తీసేసిన యూనిటీ

[తెరపై: 2023 సెప్టెంబర్ 12]

వ్యాఖ్యాత: గేములు తయారు చేసుకునే సాఫ్ట్‌వేర్, అంటే గేమ్ ఇంజిన్, అందించే కంపెనీ యూనిటీ ఆ రోజు రన్‌టైమ్ ఫీజు ప్రకటించింది. 2024 జనవరి 1 నుంచి ఇన్‌స్టాల్‌కి ఇంత అని డెవలపర్ కట్టాలి. ఉచితంగా ఇచ్చే పర్సనల్ ప్లాన్‌లో హద్దులు రెండు: గడిచిన 12 నెలల్లో 2 లక్షల డాలర్ల ఆదాయం, మొత్తం 2 లక్షల ఇన్‌స్టాళ్లు. రెండూ దాటితే ఆపై ప్రతి ఇన్‌స్టాల్‌కీ 20 సెంట్లు. ఇండియా ఉన్న దేశాల జాబితాకి 2 సెంట్లే.

[తెరపై: 10,00,000 × 0.20 = 2,00,000 డాలర్లు]

ఒక ఉచిత గేమ్‌కి ప్రకటనల మీద ఏడాదికి 2,20,000 డాలర్లు వచ్చాయనుకోండి. హద్దు దాటాక అమెరికాలో ఇంకో 10 లక్షల మంది ఇన్‌స్టాల్ చేసుకున్నారు. ఫీజు 2 లక్షలు, మిగిలేది 20 వేలు. ప్రో ప్లాన్‌కి మారితే హద్దు 10 లక్షల డాలర్లు కాబట్టి తప్పించుకోవచ్చు. కానీ అప్పుడు సీటుకి, అంటే వాడే ఒక్కో మనిషికి, ఏడాదికి 2,040 డాలర్లు కట్టాలి. ఫీజు వేసింది కూడా అందుకేనేమో అనిపిస్తుంది!

మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా లెక్కేనని మొదట చెప్పి, వెంటనే వెనక్కి తగ్గారు. ఆ లెక్క కట్టేది కూడా యూనిటీయే, తన సొంత అంచనాతో.

అసలు మంట మాత్రం అప్పటికే విడుదలైన గేములకీ ఫీజు వర్తించడం దగ్గర పుట్టింది. పాత వెర్షన్‌లో ఉంటే పాత షరతులే చెల్లుతాయని 2019లో యూనిటీయే మాట ఇచ్చింది. షరతుల మార్పులు చూపించే పేజీని (కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లోది) తర్వాత తీసేసింది కూడా. 'టెరారియా' గేమ్ తీసిన రీ-లాజిక్ యూనిటీని పెద్దగా వాడదు, అయినా గేములు చేసుకునే ఉచిత ఓపెన్ సోర్స్ టూల్స్ గోడో, ఎఫ్ఎన్ఏలకు చెరో లక్ష డాలర్లు ఇచ్చింది.

[తెరపై: 2023 సెప్టెంబర్ 22]

పది రోజులకి సవరణ వచ్చింది. పర్సనల్ ప్లాన్‌కి ఫీజు లేదు. మిగతావాళ్లకి 2024లో వచ్చే వెర్షన్ నుంచే. ఆదాయంలో 2.5 శాతం, లేదా కొత్త ఆటగాళ్ల సంఖ్యను బట్టి వచ్చే మొత్తం, ఏది తక్కువైతే అది. అంకెలు డెవలపరే చెప్పాలి. అక్టోబర్‌లో సీఈఓ జాన్ రిచిటెల్లో తప్పుకున్నారు.

[తెరపై: 2024 సెప్టెంబర్ 12]

సరిగ్గా ఏడాదికి, కొత్త సీఈఓ మాట్ బ్రోంబెర్గ్ గేములకి ఆ ఫీజు మొత్తం ఎత్తేశారు. ప్రో ధర మాత్రం 8 శాతం పెంచి 2,200 డాలర్లు చేశారు, పెద్ద కంపెనీల ఎంటర్‌ప్రైజ్ ప్లాన్ ధర 25 శాతం పెంచారు. సీటు ధర పెరిగితే బడ్జెట్‌లో ఒక గడి మారుతుంది, అంతే. ఇన్‌స్టాళ్లు ఎన్ని వస్తాయో ఏ బడ్జెట్‌లో రాస్తారు? ధరల మార్పు ఇకపై ఏడాదికోసారేననీ, వాడుతున్న వెర్షన్‌కి ఒప్పుకున్న షరతులే చెల్లుతాయనీ కూడా చెప్పారు.

[తెరపై: వెర్షన్ నంబర్]

యూనిటీలో పని చేస్తుంటే ప్రాజెక్ట్ వెర్షన్ నంబర్, ఆ రోజు షరతుల పీడీఎఫ్ మీ దగ్గర దాచుకోండి. అప్‌గ్రేడ్ నొక్కే ముందు కొత్త షరతులు చదవండి. పర్సనల్ ప్లాన్ హద్దు 2 లక్షల డాలర్లే, అందులో ఇన్వెస్టర్లు పెట్టిన డబ్బూ కలుస్తుంది. చాలామంది అమ్మకాలే లెక్కేసుకుని అక్కడ దొరికిపోతారు.