బ్రోమిన్ ఏ వైపు నుంచి వచ్చింది?

అధ్యక్షుల వారికి, వేదికనలంకరించిన పెద్దలకు, విశాఖ నలుమూలల కళాశాలల నుంచి వచ్చిన రసాయనశాస్త్ర విద్యార్థులకు నమస్కారాలు. ఆల్కీన్‌లకు, అంటే కార్బన్‌ల మధ్య ద్విబంధం ఉన్న సమ్మేళనాలకు, బ్రోమిన్ వంటి హాలోజన్‌ల సంకలనం గురించి మాట్లాడమన్నారు. ఆ చర్యను ఆసరా చేసుకుని, చాలాకాలంగా నన్ను బాధిస్తున్న సంగతి ఒకటి మీ ముందు పెడతాను.

బ్రోమిన్ రంగు పోతే ద్విబంధం ఉన్నట్లేనని ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా చెబుతాడు. ఆ రెండు బ్రోమిన్‌లు ఒకే వైపు చేరాయా, ఎదురెదురు వైపుల చేరాయా అని అడిగితే మాత్రం డిగ్రీ విద్యార్థులు సైతం "యాంటీ సంకలనం" (ఎదురెదురు వైపుల చేరడం) అనే మాట దగ్గరే ఆగిపోతారు. మొదటి బ్రోమిన్ రెండు కార్బన్‌లనూ పట్టుకుని బ్రోమోనియం అయాన్ అనే మూడు పరమాణువుల వలయంగా నిలుస్తుందని రాబర్ట్స్, కింబాల్ 1937లో ప్రతిపాదించారు. ఆ వైపు మూసుకుపోయింది కనుక రెండో బ్రోమిన్, అంటే బ్రోమైడ్ అయాన్, వెనుక నుంచే రావాలి. అందుకే మిథైల్ సమూహాలు ఒకే వైపు ఉన్న సిస్-2-బ్యూటీన్ రెసిమిక్ మిశ్రమాన్ని (ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలై, ఒకదానిపై ఒకటి ఒదగని రెండు రూపాల సమాన మిశ్రమాన్ని), అవి ఎదురెదురు వైపుల ఉన్న ట్రాన్స్-2-బ్యూటీన్ మీసో రూపాన్ని (తన ప్రతిబింబంపై ఒదిగిపోయే ఒకే రూపాన్ని) ఇస్తాయి.

ఈ వాక్యాన్ని బట్టీ పట్టించడానికి ఒక్క నిమిషం చాలు. చూపించడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట ఇవ్వడానికి మనకు మనసు రావడం లేదు. నేను పనిచేసిన ఒక కళాశాలలో, బంతులు పోతాయన్న భయంతో అణు నమూనాల పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసేవారు. సిస్-2-బ్యూటీన్‌ను తన చేత్తో కట్టి, ఒక కార్బన్‌కు పైనుంచి, రెండోదానికి కిందినుంచి బంతులు తగిలించి, మళ్లీ తారుమారు చేసి, ఆ రెండు నమూనాలు ఎంత తిప్పినా ఒకదానిపై ఒకటి ఒదగవని గ్రహించిన పిల్లవాడికి రెసిమిక్ మిశ్రమం గురించి మళ్లీ చెప్పనక్కర్లేదు. అధ్యాపక మిత్రులారా, దయచేసి ఆ తాళాలు తీయండి.

ప్రయోగమూ అందుబాటులోనిదే. ద్రవ బ్రోమిన్ ప్రమాదకరం కనుక బ్రోమిన్‌ను అందించే ఘనపదార్థమైన పిరిడీనియం ట్రైబ్రోమైడ్ వాడండి. ఎసిటిక్ ఆమ్లంలో వేడిగా ఉన్న ట్రాన్స్-స్టిల్బీన్‌కు (ద్విబంధానికి చెరో వైపు బెంజీన్ వలయం ఉన్న ఆల్కీన్‌కు) దాన్ని కలిపితే తెల్లని స్ఫటికాలు దిగుతాయి. వాటిని కేశనాళికలో నింపి వేడిచేయండి. రెసిమిక్ రూపమైతే సుమారు 110 డిగ్రీల దగ్గరే కరగాలి. మీ నాళికలోని పొడి 200 దాటినా చెక్కుచెదరక, సుమారు 237 దగ్గర కరుగుతుంది. అది మీసో. సిస్-స్టిల్బీన్‌తో చేస్తే రెండు రూపాలూ కలిసి రావచ్చు. బెంజీన్ వలయాలు ధనావేశాన్ని పంచుకోవడంతో బ్రోమోనియం వలయం విచ్చుకుంటుంది. నియమం ఎక్కడ సడలుతుందో కూడా పిల్లలు చూడాలి.

రేపు పరవాడ ఫార్మా సిటీలో చేరబోయేది ఈ పిల్లలే. పాఠ్యప్రణాళిక సంఘాల్లో ఉన్న పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. వచ్చే విద్యాసంవత్సరం ప్రాక్టికల్స్‌లో ఈ ప్రయోగాన్ని చేర్చమని వారిని చేతులు జోడించి అడుగుతున్నాను.