వైరస్ లేని వైరల్ జ్వరం

శ్రోతలందరికీ నమస్కారం.

నెల రోజులుగా సన్నటి జ్వరం. పొద్దున లేస్తే వేళ్లు బిగుసుకుపోయి గ్లాసు పట్టుకోవడం కూడా కష్టం. నోట్లో పుళ్లు, దువ్వెన నిండా జుట్టు. డెంగీ లేదన్నారు, టైఫాయిడ్ లేదన్నారు. "ఏదో వైరల్ అయ్యుంటుంది" అని పారాసిటమాల్ రాసిచ్చారు. హిందూపురం నుంచో మదనపల్లె నుంచో అమ్మాయిని వెంటబెట్టుకుని బెంగళూరు వచ్చే తల్లులు కీళ్లవాతం డాక్టర్ల దగ్గర చెప్పే కథ చాలాసార్లు ఇలాగే ఉంటుంది. చివరికి బయటపడేది లూపస్, అంటే రోగనిరోధక శక్తి మన సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు.

ఆ "వైరల్" అన్నమాట పూర్తిగా తప్పు కాదండీ. ఒంట్లో వైరస్ లేదు, అంతే. కానీ శరీరం మాత్రం వైరస్ వచ్చిందనే నమ్మి పోరాడుతోంది.

ఎందుకలా? వైరస్ అంటే ప్రొటీన్ తొడుగులో కాస్త డీఎన్‌ఏ, లేకపోతే ఆర్‌ఎన్‌ఏ. మన కణాల్లో ఉండేవీ అవే పదార్థాలు. వైరస్‌ని పసిగట్టడానికి కొన్ని రోగనిరోధక కణాల్లో టీఎల్‌ఆర్-7, టీఎల్‌ఆర్-9 అనే గ్రాహకాలు ఉన్నాయి. మొదటిది ఆర్‌ఎన్‌ఏని, రెండోది డీఎన్‌ఏని గుర్తిస్తుంది. టీఎల్‌ఆర్-9 సూక్ష్మజీవుల డీఎన్‌ఏలో ఎక్కువగా కనిపించే వరసలకు గట్టిగా స్పందిస్తుంది, కానీ సొంత డీఎన్‌ఏకి అసలు స్పందించదని చెప్పలేం. అందుకే ప్రకృతి ఇంకో జాగ్రత్త తీసుకుంది. ఈ గ్రాహకాలను కణం పైన పెట్టకుండా, లోపల ఎండోసోమ్ అనే చిన్న సంచిలో దాచింది. కణం బయటి నుంచి మింగినవే ఆ సంచిలోకి చేరతాయి. మన డీఎన్‌ఏ ఉండేది కేంద్రకంలో కాబట్టి, మామూలుగా ఆ రెండూ ఎదురుపడవు.

మరి చచ్చిన కణాల సంగతేమిటి? మన ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు చనిపోతూనే ఉంటాయి. వాటిని చప్పుడు లేకుండా తినేసే కణాలున్నాయి. రక్తంలో తేలే డీఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైములున్నాయి. ఈ శుభ్రం చేసే పనిలో తోడ్పడే సీ1క్యూ అనే ప్రొటీన్ పుట్టుకతోనే లేనివాళ్లలో ఎక్కువమందికి లూపస్ వస్తుంది. ఆ పని ఎంత ముఖ్యమో దీన్నిబట్టే తెలుస్తుంది.

లూపస్‌లో ఆ పని మందగిస్తుంది. కేంద్రకంలోని పదార్థాల మీదే యాంటీబాడీలు తయారవుతాయి. డాక్టర్లు రాసే ఏఎన్‌ఏ టెస్ట్ వెతికేది వీటినే. అయితే ఏఎన్‌ఏ పాజిటివ్ రాగానే టెన్షన్ పడకండి. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కొందరికి అది పాజిటివ్‌గా వస్తుంది. లక్షణాలతో కలిపి చూడాల్సిందే.

అసలు ప్రమాదం ఇక్కడ మొదలవుతుంది. యాంటీబాడీ అంటుకున్న డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ తునకలను ప్లాస్మసైటాయిడ్ డెండ్రిటిక్ కణాలనే రోగనిరోధక కణాలు లోపలికి లాక్కుంటాయి. తునక నేరుగా ఆ సంచిలోకి చేరుతుంది. టీఎల్‌ఆర్ దాన్ని వైరస్ అనుకుంటుంది. ఈ కణాలు రక్తంలో ఉండేది బహు కొద్ది, కానీ మేల్కొన్నాయంటే ఇంటర్‌ఫెరాన్‌ను కుమ్మరిస్తాయి. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ కనిపెట్టిన ఈ పదార్థం వైరస్‌లను అడ్డుకునే ఆయుధం. జ్వరం, ఒళ్లు నొప్పులు, నీరసం దాని వెంటే వస్తాయి. ఒకప్పుడు హెపటైటిస్-సీకి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. వేసుకున్నవాళ్లు ఫ్లూ వచ్చినట్టు మూలిగేవారు. కొద్దిమందికైతే లూపస్ లాంటి జబ్బే వచ్చింది! ఇంట్లోవాళ్లు "బద్ధకం" అని తేల్చేసే ఆ అలసట వెనక ఇంత కథ ఉంది.

ఇంటర్‌ఫెరాన్ ఊరుకోదు. బి-కణాలను ఇంకా ఎగదోస్తుంది, అవి మరిన్ని యాంటీబాడీలు చేస్తాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తమ డీఎన్‌ఏనే వలలా బయటికి విసురుతాయి. సూక్ష్మజీవులను పట్టడానికి ఉన్న ఈ వలలను 2004లో గుర్తించారు. లూపస్‌లో అవి నిప్పుకు ఆజ్యం. యాంటీబాడీల ముద్దలు మూత్రపిండాల్లో పేరుకుంటే మూత్రంలో ప్రొటీన్ పోతుంది. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు, మూత్రపరీక్ష మానకూడదు.

లూపస్ రోగుల్లో పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే. టీఎల్‌ఆర్-7 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లుంటాయి. ఒకటి నిద్రపోవాలి, కానీ కొన్ని కణాల్లో ఈ జన్యువు రెండోదాని మీద కూడా మెలకువగానే ఉంటుంది. 2022లో స్పెయిన్‌కు చెందిన ఒక అమ్మాయిలో, టీఎల్‌ఆర్-7లోని ఒకే ఒక్క మార్పు లూపస్‌కు కారణమైందని పరిశోధకులు చూపించారు.

ఇక మన ఊరి సంగతి. బెంగళూరు చల్లగా ఉంటుంది, ఇక్కడ ఎండేముంది అనుకుంటాం. ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. చల్లదనం అతినీలలోహిత కిరణాలను ఆపదు, పలచటి మబ్బూ ఆపదు. ఆ కిరణాలకు చర్మకణాలు చనిపోతాయి, తునకలు బయటపడతాయి, మిగతాది ఇందాక చెప్పిందే. లాల్‌బాగ్‌లో ఆదివారం పొద్దెక్కేదాకా తిరిగొచ్చిన అమ్మాయికి ఆ తర్వాత బుగ్గల మీద ఎర్రటి మచ్చ, జ్వరం వచ్చాయంటే ఆశ్చర్యం లేదు. గొడుగు, పొడుగు చేతుల బట్టలు, సన్‌స్క్రీన్ ఈ జబ్బులో వైద్యంలో భాగమే.

లూపస్‌కు మలేరియా మాత్ర ఎందుకిస్తారని చాలామంది అడుగుతారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే ఆ మాత్ర వెళ్లి చేరేది సరిగ్గా ఆ ఎండోసోమ్ సంచిలోకే. అక్కడి ఆమ్లత్వాన్ని తగ్గించి టీఎల్‌ఆర్‌లను నెమ్మదింపజేస్తుంది. 2020లో కోవిడ్ భయంతో జనం దీన్ని ఎగబడి కొన్నప్పుడు, రోజూ వేసుకోవాల్సిన లూపస్ రోగులు మందుల షాపుల చుట్టూ తిరిగారు. ఇంటర్‌ఫెరాన్ పనిచేసే గ్రాహకాన్నే మూసేసే అనిఫ్రోలుమాబ్ అనే కొత్త మందుకు 2021లో అమెరికా అనుమతి వచ్చింది. అయినా ఈ పాత మాత్ర స్థానం చెక్కుచెదరలేదు.

ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలు మాత్రం వద్దు. ఇక్కడ ఇమ్యూనిటీ తక్కువై జబ్బు రాలేదు, గురి తప్పి వచ్చింది.

పదిహేను రోజులు వేసుకుని గుణం లేదని హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర మానేసేవాళ్లున్నారు. దాని ప్రభావం కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. గర్భం వచ్చిందని భయపడి మానేసేవాళ్లూ ఉన్నారు. గర్భిణులు కూడా దీన్ని కొనసాగించాలనే డాక్టర్లు చెబుతారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది. మొదలుపెట్టినప్పుడు ఒకసారి కంటిపరీక్ష, అయిదేళ్లు దాటాక ఏటా ఒకసారి చేయించుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లయితే అయిదేళ్లు ఆగకుండా, ఎప్పుడు చేయించాలో డాక్టర్‌ని ముందే అడగండి.

నమస్కారం.