మంచి ముఖం కిందికి

హోస్ట్: నమస్తే అండి. ఈ వారం మా బాబాయిని పట్టుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టాను. చిన్నప్పట్నుంచీ వడ్రంగం పనే. బాబాయ్, ముందిది చూడు. కప్‌బోర్డ్ తలుపు, పైన పల్చటి టేకు పొర అతికించిన ప్లైవుడ్. మొన్న నేనే కోశాను.

బాబాయి: ఓరి నాయనో, ఆ పొరే కదా, టేకు వినీరు! అంచంతా ఎలక కొరికినట్టుంది కదే.

హోస్ట్: గీత మీదే పోనిచ్చాను!

బాబాయి: గీత తప్పలేదు. షీటు తిరగెయ్యలేదు. చేత్తో తోసే గుండ్రటి బ్లేడు మెషిన్‌లో ముందువైపు పళ్ళు కిందనుంచి పైకి లేస్తాయి. పైన అదిమి పట్టేదేం లేదాయె, పెచ్చు లేపుకుని పోతాయి. వినీరు మందం ఎంతని? అర మిల్లీమీటరు ఉంటే గొప్ప. అందుకే మంచి ముఖం కిందికి పెట్టి, వెనకవైపు గీత కొట్టుకోవాలి.

హోస్ట్: మరి షెడ్డులో బల్లకి బిగించిన రంపం మీద ముఖం పైకే పెడతావుగా?

బాబాయి: అక్కడ బ్లేడు బల్ల కిందుంటుంది. నీ వైపు పళ్ళు పైనుంచి కిందికి దిగుతాయి. అనుమానమొస్తే ప్లగ్గు పీకేసి, బ్లేడు చేత్తో తిప్పి చూసుకో.

హోస్ట్: తలుపుకి రెండు ముఖాలూ కనపడతాయి కదా, అప్పుడో?

బాబాయి: ఆ, అదీ అడగాల్సింది. నిలువు కోత బాగానే వచ్చింది చూడు, పాడైందంతా అడ్డకోతలో. నార వెంట పోతే లేవదు. అడ్డం పడితే ప్రతి పోగూ తెగాలి. కాబట్టి ముందు స్కేలు ఆనించి, కట్టరుతో గీత మీద రెండు మూడుసార్లు గాటు పెట్టు. బ్లేడు గాటుకి అవతల, పారేసే ముక్కలో నడవాలి. పెచ్చు లేచినా గాటు దగ్గర ఆగిపోతుంది. కింద పనికిరాని ప్లై ముక్క పరిస్తే కిందిముఖానికీ దన్ను.

హోస్ట్: పేపరు టేపు వేస్తే?

బాబాయి: వేసుకో. తీసేటప్పుడు అంచువైపుకి నెమ్మదిగా లాగు, లేకపోతే వినీరు దాంతోపాటే వస్తుంది. ఇంతకీ నీ బ్లేడుకి ఎన్ని పళ్ళు?

హోస్ట్: మెషిన్‌తో వచ్చిందే. 24.

బాబాయి: 7¼ అంగుళాల బ్లేడుకి 24 పళ్ళంటే దుంగలు కొయ్యడానికమ్మా! ప్లైకి 40కి తగ్గకూడదు, 60 అయితే హాయి. లోతు కూడా షీటు దాటి ఒక పన్ను దిగితే చాలు.

హోస్ట్: మరి ఈ తలుపు?

బాబాయి: అంచు కాస్త చెక్కి చుట్టూ టేకు పట్టీ అతికిద్దాం. రెండోది నువ్వే కొయ్యి. ఏ ముఖం కిందికి పెడతావో చూస్తాను.