సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల కొరత: లెక్క ఎక్కడ తప్పుతోంది?

యాంకర్: నమస్కారం. ఏటా లక్షల మంది బీటెక్ పట్టాతో బయటికొస్తున్నారు. కంపెనీలేమో పనికొచ్చేవాళ్లు దొరకడం లేదంటున్నాయి. దీని మీద మాట్లాడడానికి ఐటీ నియామకాలు చూసే రిక్రూటర్ మేడం, ఇంజినీరింగ్ మేనేజర్ గారు, ఒక ఇంజినీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారు మన స్టూడియోలో ఉన్నారు. మేడం, కొరత నిజమేనా?

రిక్రూటర్: కొన్ని పనులకు నిజమేనండీ. చిప్ వెరిఫికేషన్, డేటాబేస్ ఇంజిన్ లోపలి పని, కంపైలర్లు వంటివాటికి మనుషులు తక్కువ. మామూలు జావా, డాట్‌నెట్, టెస్టింగ్ పోస్టులకు కూడా కొరతే అంటే ఒప్పుకోను. ముందు ఖాళీల లెక్కే సరిగా ఉండదు. ఒక క్లయింటు ఒక్క మనిషి కావాలని, మనుషుల్ని సమకూర్చే అయిదుగురు వెండర్లకు చెబుతాడు. అయిదుగురూ జాబ్ పోర్టళ్లలో ప్రకటన ఇస్తారు. వాళ్ల కింద సబ్ వెండర్లు మళ్లీ ఇస్తారు. ఉన్న ఖాళీ ఒకటి, కనిపించేవి పది. ఒకరు చేరగానే మిగతా తొమ్మిదీ ‘భర్తీ కాని పోస్టులు’గా ఉండిపోతాయి.

యాంకర్: కానీ మనవాళ్లకు నైపుణ్యం లేదని నివేదికలే చెబుతున్నాయి కదా?

ప్లేస్‌మెంట్ ఆఫీసర్: చెబుతున్నాయి. బహుళజాతి కంపెనీలకు పనికొచ్చేది మన ఇంజినీర్లలో నాలుగో వంతు మందేనని 2005లో ఐటీ కంపెనీల సంఘం నాస్‌కామ్, సలహా సంస్థ మెకిన్సే కలిసి ఇచ్చిన నివేదిక రాసింది. 2017లో ఆస్పైరింగ్ మైండ్స్ 36 వేల మందికి పైగా విద్యార్థులకు కోడింగ్ పరీక్ష పెడితే, సరైన లాజిక్ రాసినవాళ్లు 5 శాతం లోపే. ఆ సంస్థ వ్యాపారమే నియామక పరీక్షలు అమ్మడం, అది గుర్తుపెట్టుకోవాలి. అంకె తప్పని నేననను. ల్యాబ్ రికార్డులో ప్రోగ్రామ్ కాపీ చేసి సంతకం పెట్టించుకునే చదువు మన కాలేజీల్లో ఉంది, దాన్ని దాచి లాభం లేదు. కాకపోతే శిక్షణకు ముందు కొలిచిన అంకెను, ఎంత నేర్పినా వీళ్లు ఇంతే అన్నట్టు వాడుతున్నారు. అది అన్యాయం.

మేనేజర్: పైగా ఆ అంకె చూపించే కంపెనీలు మనుషుల్ని ఏరేది కోడింగ్ చూసి కాదు. పదో తరగతిలో 60 శాతం, ఇంటర్‌లో 60, బీటెక్‌లో 60, బ్యాక్‌లాగ్ ఉండకూడదు, మధ్యలో ఎక్కువ గ్యాప్ ఉండకూడదు. పదిహేనేళ్ల వయసులో సోషల్‌లో తక్కువ మార్కులొచ్చిన అబ్బాయి ఇరవై రెండేళ్లకు ఎంత మంచి కోడ్ రాసినా దరఖాస్తు లింకు తెరుచుకోదు. ఆ తర్వాత పైపులు-ట్యాంకులు, రైళ్ల వేగాల లెక్కలతో ఆప్టిట్యూడ్ పరీక్ష. వేల దరఖాస్తుల్ని తగ్గించడానికి అదొక దారి, అర్థం చేసుకోగలను. కానీ తగ్గించింది మనమే అయినప్పుడు మనుషులు లేరని ఎలా అంటాం?

యాంకర్: అనుభవం ఉన్నవాళ్ల సంగతేంటి మేడం?

రిక్రూటర్: అక్కడ ఇంకా ఘోరం. జేడీ అంటే జాబ్ డిస్క్రిప్షన్, అందులో చేయాల్సిన పని వివరంగా ఉండాలి. మన దగ్గర పాత జేడీకి క్లయింటు పంపిన పదాలు అతికిస్తారు: జావా, స్ప్రింగ్ బూట్, కాఫ్కా, ఏడబ్ల్యూఎస్, యాంగ్యులర్, అయిదేళ్లు. రెజ్యూమెల్ని వడపోసే సాఫ్ట్‌వేర్ ఏటీఎస్‌లో అవే ఫిల్టర్లు. రిక్రూటర్‌కు సాంకేతిక పరిజ్ఞానం ఉండదు కాబట్టి పదం కనిపిస్తే ఉంచుతారు, లేకపోతే తీసేస్తారు. రాబిట్‌ఎంక్యూ, కాఫ్కా రెండూ ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసేవే; మొదటి దాని మీద నాలుగేళ్లు పనిచేసిన మనిషి రెండోది రెండు మూడు వారాల్లో పట్టుకోగలడు. అయినా అతని రెజ్యూమె ఎవరి కంటా పడదు.

ప్లేస్‌మెంట్ ఆఫీసర్: నకిలీ అనుభవం పుట్టేది అక్కడేనండీ. ఫ్రెషర్‌కు తలుపు మూసి, మూడేళ్లు ఉంటేనే రమ్మంటే, ఆ మూడేళ్లు అమ్మేవాడు తయారవుతాడు. అమీర్‌పేటలో నిజాయతీగా కోర్సు చెప్పే ఇన్‌స్టిట్యూట్లు చాలా ఉన్నాయి. వాటి నీడలోనే పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ ఇచ్చే కన్సల్టెన్సీలూ పుట్టాయి. కంపెనీలు ఉద్యోగి పీఎఫ్ ఖాతా నంబరైన యూఏఎన్ ద్వారా సర్వీస్ హిస్టరీ చూడడం మొదలుపెడితే, వాళ్లు కాగితం మీది ఉద్యోగానికి పీఎఫ్ కూడా కట్టేస్తున్నారు. చివరికి నిజం రాసినవాడే మొదటి ఫిల్టర్‌లో పోతున్నాడు.

మేనేజర్: అసలు ఏళ్ల లెక్కతో తెలిసేది చాలా తక్కువ. ఏ పద్ధతిలో ఎంపికైనవాళ్లు ఉద్యోగంలో బాగా రాణిస్తారన్న దాని మీద దశాబ్దాల పరిశోధన ఉంది. 2022లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ శాకెట్ బృందం ఆ అధ్యయనాల్ని మళ్లీ లెక్కగట్టింది. సున్నా అంటే సంబంధమే లేనట్టు, 1 అంటే పూర్తి సంబంధం. అందరికీ ఒకే ప్రశ్నలు, ముందే రాసుకున్న మార్కుల పద్ధతి ఉన్న ఇంటర్వ్యూకు, తర్వాతి పనితీరుకు సంబంధం 0.42. ఇష్టమొచ్చినట్టు అడిగే ఇంటర్వ్యూకు 0.19. ఏళ్ల అనుభవానికి 0.07. మనం మాత్రం చివరి రెండింటినే నమ్ముకున్నాం.

యాంకర్: ఇష్టమొచ్చినట్టు అంటే?

మేనేజర్: ఇంటర్వ్యూకు పది నిమిషాల ముందు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లని కూర్చోబెడతారు. ఆయన రెజ్యూమె చదివి ఉండడు. హాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుంది, అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌కూ ఇంటర్‌ఫేస్‌కూ తేడా ఏంటి అని తనకు తెలిసినవి అడుగుతాడు. వీటి జవాబులు నెట్‌లో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. బట్టీ పట్టినవాడు దాటతాడు, పదేళ్లు కోడ్ రాసినవాడు తడబడతాడు. ఇంకో సంగతి, వద్దన్నందుకు ఇంటర్వ్యూ చేసినవాడిని ఎవరూ నిలదీయరు. తీసుకున్న మనిషి సరిపోకపోతేనే అడుగుతారు. దాంతో అనుమానం వస్తే చాలు, రిజెక్టే.

యాంకర్: మరి సరైన పద్ధతి ఎలా ఉండాలి?

మేనేజర్: 300, 400 లైన్ల చిన్న ప్రాజెక్టు ఇవ్వండి. అందులో ఒక బగ్, అంటే లోపం, దాన్ని బయటపెట్టే ఫెయిలవుతున్న టెస్ట్, చేర్చాల్సిన ఒక చిన్న ఫీచర్ ఉండాలి. 75 నిమిషాలు చాలు. నెట్ చూసుకోనివ్వండి, ఉద్యోగంలోనూ చూస్తారు. తర్వాత 20 నిమిషాలు, ఏం మార్చారో ఎందుకు మార్చారో చెప్పించండి. అప్పటికప్పుడు షరతు ఒకటి మార్చి, ఇప్పుడు ఎక్కడ విరుగుతుందని అడగండి. వేరేవాళ్లతోనో ఏఐతోనో రాయించుకుంటే అక్కడ దొరికిపోతారు. మార్కులు నాలుగు అంశాలకే: సమస్యను మళ్లీ రప్పించి చూశారా, మూలాన్ని సరిచేశారా లేక పైపైన కప్పారా, టెస్ట్ రాశారా, వివరణ స్పష్టంగా ఉందా. ఒక్కో అంశానికి 1 నుంచి 4 వరకు ఏ మార్కుకు ఏం కనబడాలో ముందే రాసిపెట్టుకోవాలి. ఇద్దరు విడివిడిగా మార్కులేసి, సిస్టమ్‌లో ఎక్కించాకే ఒకరితో ఒకరు మాట్లాడాలి. ముందే మాట్లాడుకుంటే సీనియర్ అభిప్రాయమే ఇద్దరిదీ అవుతుంది.

రిక్రూటర్: ఇంటికిచ్చి వారం పాటు చేయించే అసైన్‌మెంట్లు మాత్రం వద్దు. ఉద్యోగం చేస్తూ, ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, అక్కడే ఆగిపోతారు.

యాంకర్: నోటీస్ పీరియడ్ కూడా పెద్ద సమస్యంటారు.

రిక్రూటర్: 90 రోజులండీ. ఆఫర్ చేతికొచ్చాక మూడు నెలల ఖాళీ. ఆ ఆఫర్ చూపించి ఇంకో రెండు తెచ్చుకుంటారు, పాత కంపెనీ కూడా జీతం పెంచుతానంటుంది. చేరే రోజు ఫోన్ ఎత్తరు. అది తెలిసి కంపెనీ పది ఖాళీలకు ఇరవై ఆఫర్లిస్తుంది. ఎక్కువ మంది వస్తే వాళ్ల జాయినింగ్ వాయిదా. రెండు వైపులా నమ్మకం పోయింది. చివరికి ‘ఇమ్మీడియట్ జాయినర్ మాత్రమే’ అని ప్రకటన, అంటే ఉద్యోగంలో ఉన్నవాళ్లలో చాలామందికి దారి మూసేసినట్టే. ఎవరి నోటీసును వాళ్లు 30 రోజులకు తగ్గించుకుంటే ఈ కొరతలో చాలా భాగం పోతుంది.

మేనేజర్: జీతం మాట కూడా రావాలి. పెద్ద సర్వీసెస్ కంపెనీల్లో ఎక్కువమంది ఫ్రెషర్లకు 2010 ప్రాంతంలో ఏడాదికి మూడు లక్షల పైచిలుకు. ఇప్పటికీ 3, 4 లక్షల మధ్యే. దొరకని సరుకు ధర ఇన్నేళ్లు కదలకుండా ఉంటుందా? 2022లో కంపెనీలు మారిపోయే ఉద్యోగులు 20 శాతం దాటినప్పుడు మూడు నుంచి ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు జీతాలు బాగా పెరిగాయి, అది నిజమైన కొరత. 2023-24 వచ్చేసరికి టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రోల్లో కలిపి సిబ్బంది 60 వేలకు పైగా తగ్గారు.

ప్లేస్‌మెంట్ ఆఫీసర్: దాని దెబ్బ కాలేజీల మీద పడింది. చాలా కాలేజీల్లో ఒక విద్యార్థికి ఒకే ఆఫర్ అనే నియమం. ఎంపికైతే మిగతా డ్రైవ్‌లకు కూర్చోనివ్వరు. జాయినింగ్ ఏడాది వాయిదా పడితే ఆ పిల్లాడి రెజ్యూమెలో గ్యాప్ వస్తుంది, ఇందాక చెప్పిన గ్యాప్ ఫిల్టర్ అతన్నే పట్టుకుంటుంది. చేరాల్సిన తేదీ రాసిలేని ఆఫర్ లెటర్‌ను కాలేజీలు ప్లేస్‌మెంట్ కింద లెక్కగట్టకూడదు. తేదీ వచ్చేదాకా ఆ విద్యార్థిని మిగతా అన్ని డ్రైవ్‌లకూ పంపాలి.