జెరుబ్బాబెలు చేతిలో గుండునూలు: ఉజ్జీవం ఎవరి బలంతో వస్తుంది?

[తెర మీద: గోడకు వేలాడుతున్న చర్చి క్యాలెండర్. కెమెరా మెల్లగా కింద అచ్చువేసిన వచనం మీదికి వెళ్తుంది.]

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

"శక్తిచేతనైనను బలముచేతనైనను కాక నా ఆత్మచేతనే ఇది జరుగును." జెకర్యా 4:6. ఈ మాట వినని తెలుగు విశ్వాసి ఉండరేమో. క్యాలెండర్ల మీద చూస్తాం, ఉజ్జీవ సభల, అంటే చల్లారిన భక్తిని మళ్లీ రగిలించే సభల, ఫ్లెక్సీల మీద చూస్తాం, ఆటోల వెనకాల చూస్తాం. డిసెంబరు 31 రాత్రి చేతికిచ్చే వాగ్దాన కార్డు మీద వచ్చిందంటే ఇక ఆ ఏడంతా మనదే అనుకుంటాం.

కానీ నిజం చెప్పండి, ఈ వచనం మన నోటికి ఎక్కువగా ఎప్పుడొస్తుంది? కుటుంబ ప్రార్థన మానేసి చాలా కాలమైంది, బైబిలు తెరిస్తే నిద్ర ముంచుకొస్తోంది, ఆరాధనలో పెదవులు మాత్రమే పాడుతున్నాయి. ఎవరైనా అడిగితే, "మన బలంతో ఏమవుతుంది బ్రదర్, ఆయన ఆత్మ కదిలించాలి" అనేస్తాం. వినడానికి భక్తిగానే ఉంటుంది. అక్కడితో ఆ సంభాషణ కూడా ముగిసిపోతుంది.

చిక్కేమిటంటే, ఈ మాట మొదటిసారి విన్నవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. అప్పటికే ఐదు నెలలుగా రాళ్లు మోస్తున్నారు. ఇవాళ ఆ సంగతి చూద్దాం.

[తెర మీద: పటం. బబులోను నుంచి యెరూషలేముకు గీత. "క్రీ.పూ. 538".]

పారసీక రాజు కోరెషు ఆజ్ఞ ఇచ్చాడు: చెరలో ఉన్న యూదులు ఇంటికి వెళ్లొచ్చు, పడిపోయిన దేవాలయాన్ని కట్టుకోవచ్చు. ఎజ్రా గ్రంథం లెక్క ప్రకారం 42,360 మంది బయల్దేరారు. వాళ్లను నడిపించింది దావీదు వంశంవాడైన జెరుబ్బాబెలు, ప్రధాన యాజకుడు యెహోషువ. రాగానే బలిపీఠం కట్టారు. మరుసటి ఏడాది పునాది వేశారు.

ఆ పునాది రోజును ఎజ్రా 3వ అధ్యాయం చివర్లో చదవండి. యాజకులు బూరలు ఊదుతున్నారు, లేవీయులు తాళాలు కొడుతున్నారు, చాలామంది సంతోషంతో కేకలు వేస్తున్నారు. సొలొమోను కట్టిన పాత మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లేమో గొల్లున ఏడుస్తున్నారు. దూరానికి వినపడేంత గోల. ఏది ఏడుపో ఏది కేకో ఎవరికీ తెలియలేదట. మన ఉజ్జీవ సభల్లో ఆఖరి రాత్రి ఇలాగే ఉంటుంది కదా.

ఆ తర్వాత పని ఆగిపోయింది. చుట్టుపక్కల జనాలు బెదిరించారు, లంచాలిచ్చి రాజాస్థానంలో మనుషుల్ని పెట్టి అడ్డం కొట్టించారు. ఆ ఆగడం ఒక నెలో రెండు నెలలో కాదు, దాదాపు పదహారేళ్లు. పునాది మీద గడ్డి మొలిచే ఉంటుంది. అప్పుడు పుట్టిన పిల్లలు మీసాలొచ్చేదాకా గుడి లేకుండానే పెరిగారు.

ఒక్క క్షణం ఇక్కడ ఆగుదాం. ఆ పదహారేళ్లలో వాళ్లు విగ్రహాలకు మొక్కారని ఆ కాలపు ప్రవక్త హగ్గయి ఎక్కడా అనడు. వాళ్లు చేసిందల్లా "ఇంకా సమయం రాలేదు" అనుకోవడం. ఈలోగా ఎవరి ఇల్లు వాళ్లు బాగు చేసుకున్నారు, లోపల చెక్కపని చేయించుకున్నారు. పంట సరిగ్గా రావట్లేదు, సంపాదించిన కూలి చిల్లుల సంచిలో వేసినట్టు కారిపోతోంది, అయినా ఏం తేడా వచ్చిందో ఎవరూ ఆలోచించలేదు. ఆత్మీయ జీవితం చల్లారడమంటే ఏదో పెద్ద పాపంలో పడిపోవడమే అనుకుంటాం. నా మట్టుకు నాకు హగ్గయి చెప్పే ఈ రకం చల్లారడమే ఎక్కువ భయం వేస్తుంది. అందులో పడ్డవాడికి పడ్డట్టే తెలియదు.

[తెర మీద: "క్రీ.పూ. 520, పారసీక రాజు దర్యావేషు రెండో సంవత్సరం".]

ఆరో నెల మొదటి తేదీన హగ్గయి నోరు తెరిచాడు. "మీ ప్రవర్తననుగూర్చి ఆలోచించుకొనుడి" అన్నాడు. కొండకెక్కి మాను తెచ్చి మందిరం కట్టండి అన్నాడు. అదే నెల 24వ తేదీన పని మొదలైంది. పదహారేళ్లు కదలనిది ఇరవై మూడు రోజుల్లో కదిలింది!

ఎలా? హగ్గయి 1:14 చెబుతుంది. యెహోవా జెరుబ్బాబెలు మనస్సును, యెహోషువ మనస్సును, మిగిలిన జనులందరి మనస్సును ప్రేరేపించాడు, వాళ్లు వచ్చి పనిచేశారు. కదిలించింది ఆయనే. వచ్చింది, రాయి ఎత్తింది వాళ్లు. "నేను మీకు తోడుగా ఉన్నాను" అనే మాట కూడా కట్టడం పూర్తయ్యాక ఇచ్చిన బహుమతి కాదు. మొదటి రాయి ఎత్తకముందే, 13వ వచనంలోనే ఉంది.

సరిగ్గా ఐదు నెలల తర్వాత, పదకొండో నెల 24వ తేదీ రాత్రి, జెకర్యా ప్రవక్తకు దర్శనాలు వచ్చాయి. అందులో ఒకదాంట్లో దేవదూత అతణ్ణి నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు లేపి ఒక దీపస్తంభం చూపించాడు.

[తెర మీద: బొమ్మ. బంగారు దీపస్తంభం, పైన ఒక పాత్ర, ఏడు దీపాలు, వాటికి గొట్టాలు, అటూ ఇటూ రెండు ఒలీవ చెట్లు.]

జెకర్యా యాజక కుటుంబంవాడు. దీపస్తంభం గురించి అతనికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మోషే కాలపు ఆరాధన డేరా అయిన ప్రత్యక్ష గుడారం నాటి నుంచి పద్ధతి ఒకటే: జనం దంచి తీసిన స్వచ్ఛమైన ఒలీవ నూనె తేవాలి, యాజకుడు పొద్దునా సాయంత్రం దీపాలు సర్దాలి. ఏ ఒక్క రోజు మరిచినా దీపం కొండెక్కుతుంది. ఈ దర్శనంలో మాత్రం నూనె తెచ్చేవాడు లేడు, పోసేవాడు లేడు. చెట్టు నుంచే బంగారు కొమ్ముల గుండా నూనె దానంతటదే పాత్రలోకి, అక్కణ్ణుంచి దీపాల్లోకి దిగుతోంది. "ఇదేమిటి" అని జెకర్యా అడిగితే జవాబుగా వచ్చిందే మన క్యాలెండర్ వచనం.

వాళ్ల పరిస్థితి ఆలోచించండి. రాజు లేడు, సైన్యం లేదు, పారసీక సామ్రాజ్యంలో ఓ మూల చిన్న రాష్ట్రం. పాత మందిరం చూసినవాళ్లకు ఈ కొత్తది ఎందుకూ కొరగానట్టుందని హగ్గయే ఒప్పుకున్నాడు. అలాంటివాళ్లతో దేవుడు, "ఓపిక కూడగట్టుకోండి, మీరు చేయగలరు" అనలేదు. నూనె మీ దగ్గర్నుంచి రావాల్సిన పని లేదన్నాడు.

అలాగని పని మానేయమన్నాడా? నాలుగు వచనాలు కిందికి రండి. 10వ వచనం: "కార్యములు అల్పములై యున్న కాలమును తృణీకరించిన వాడెవడు?" అని అడిగి, జెరుబ్బాబెలు చేతిలో గుండునూలు ఉండటం చూసి సంతోషిస్తారని చెబుతాడు. గుండునూలంటే మేస్త్రీ దారానికి గుండు కట్టి గోడ నిలువు చూసుకునేది. క్యాలెండర్ మీద 6వ వచనం వేసేవాళ్లు ఈ 10వ వచనం కూడా పక్కనే వేస్తే బాగుండేది. ఒకే దర్శనం, రెండూ ఉన్నాయి. నూనె చెట్టుది, గుండునూలు మనిషి చేతిలోది.

మనం సాధారణంగా ఉజ్జీవాన్ని ఎండాకాలం వాటర్ ట్యాంకర్‌లా చూస్తాం. మూడు రోజుల సభలు, పెద్ద దైవజనుడు, సంపు నిండింది. పది రోజుల్లో అడుగంటుతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూపు. సభలు వద్దని కాదు నేననేది. సభలకు వెళ్లి మారిన జీవితాలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. కానీ ఇంటికి లైను వేసుకోకుండా ట్యాంకర్ కోసం రోడ్డు మీద బిందెలు పెట్టుకుని ఎన్నేళ్లు నిలబడతాం?

[తెర మీద: "అపొస్తలుల కార్యములు 2, 4".]

పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్మతో నిండిన అపొస్తలులు పేతురు, యోహాను రెండు అధ్యాయాలు తిరిగేసరికి మళ్లీ మోకాళ్ల మీద ఉన్నారు. యూదుల మహాసభ బెదిరించి పంపింది. వాళ్లు తమవాళ్ల దగ్గరికొచ్చి ప్రార్థన చేశారు, కూడుకున్న చోటు కంపించింది, అందరూ మళ్లీ పరిశుద్ధాత్మతో నిండారు. మొదటిసారి నిండింది చాలలేదా అని ఎవరూ తప్పుపట్టలేదు. ఆ ప్రార్థనలో వాళ్లు బెదిరింపులు తీసేయమని అడగలేదన్నది కూడా గమనించండి. ధైర్యంగా మాట్లాడే బలం అడిగారు. వెంటనే వెళ్లి మాట్లాడారు.

[తెర మీద: ఒంగోలు, ప్రార్థన కొండ.]

మన నేల మీదే జరిగింది ఒకటి చెప్పకుండా ఉండలేను. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగువాళ్ల మధ్య 1836లో పని మొదలుపెట్టింది. ఏళ్లు గడిచినా ఫలితం వేళ్ల మీద లెక్కపెట్టేంత. 1853లో ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో గట్టిగా చర్చ జరిగింది. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున, ఆ మిషన్ మిషనరీలైన జ్యువెట్ దంపతులూ ముగ్గురు తెలుగు విశ్వాసులూ కలిసి, మొత్తం ఐదుగురు, ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు.

ఆ మనిషి, జాన్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ల తర్వాతన్నమాట. మరుసటి ఏడాది సంఘం ఏర్పడితే సభ్యులు ఎనిమిది మంది. అల్పకార్యాల కాలమంటే ఇదే.

ఆ తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. క్లౌ మిషనరీ కాకముందు భూమి సర్వే పని చేసినవాడు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు పని అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసినా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది తెలుగు బోధకులు.

సంఖ్య చూసి మనం చప్పట్లు కొడతాం. నాకు మాత్రం ఎప్పుడూ ఆ కాలువే గుర్తొస్తుంది. మనుషుల హృదయాలు మార్చడం క్లౌ చేతిలో లేదు, ఆ సంగతి అతనికి తెలుసు కాబట్టే బాప్తిస్మాలు ఆపగలిగాడు. కాలువ కొలిచి తవ్వించడం అతని చేతిలో ఉంది, అది చేశాడు.

[తెర మీద: తెల్లవారుజాము, వంటింటి లైటు, టేబుల్ మీద తెరిచిన బైబిలు.]

మరి చల్లారిపోయినవాళ్లు రేపు పొద్దున ఏం చేయాలి? "నాకు ఆకలి వేయట్లేదు ప్రభువా" అని ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. ఆయనకు తెలియనిదేమీ కాదు. హగ్గయి అడిగినట్టు ఎక్కడ ఆగిపోయామో చూసుకోవచ్చు: మాట్లాడటం మానేసిన అన్నదమ్ముడా, తీర్చని అప్పా, దాచిపెట్టి చూస్తున్న ఫోనా. దాని పేరు పెట్టి ఒప్పుకోవాలి, బలం అడగాలి, అడిగి లేచి ఆ ఫోన్ కాల్ చేయాలి. ముందు మనసు వెచ్చబడాలి, తర్వాత చేద్దాం అంటే అదే పదహారేళ్ల కథ. "మీరు ఇచ్ఛయించుటకును కార్యసిద్ధి కలుగజేసికొనుటకును" మీలో పనిచేసేది దేవుడే అని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు. దాని ముందు వచనంలోనే భయంతో వణకుతో మీ రక్షణ కొనసాగించుకోండి అన్నాడు. ఆయన కోరిక కూడా ఇస్తాడు. కోరిక లేదని ఆయన దగ్గరికి వెళ్లకపోవడం, జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికి వెళ్తాననడమే.

ఒకవేళ ఏళ్ల తరబడి దిగులు, నిద్రపట్టకపోవడం, బతకాలనే అనిపించకపోవడం ఉంటే, దాన్ని విశ్వాసం లేకపోవడం కింద జమకట్టకండి. పాస్టర్ గారితో పాటు వైద్యుణ్ణి కూడా కలవండి.

[తెర మీద: "క్రీ.పూ. 515, అదారు నెల మూడో దినం".]

మందిరం ఏమైందంటారా? మధ్యలో అధికారి తత్తెనై వచ్చి, "కట్టమని మీకెవరు సెలవిచ్చారు?" అని నిలదీశాడు. ఉత్తరం రాజుకు వెళ్లింది. జవాబు వచ్చేదాకా వీళ్లు పని ఆపలేదు. పాత దస్తావేజుల్లో కోరెషు ఆజ్ఞ దొరికింది. అడ్డుకోవద్దు సరికదా, ఖర్చు ఆ ప్రాంతపు పన్నుల్లోంచి ఇవ్వమని దర్యావేషు అదే తత్తెనైకి రాశాడు! మళ్లీ మొదలుపెట్టిన నాలుగున్నరేళ్లకు పని పూర్తయింది.

ఈ వారం చదవాలనుకుంటే ఈ వరుసలో చదవండి: ఎజ్రా 3, 4 అధ్యాయాలు, తర్వాత హగ్గయి మొత్తం, అది రెండే అధ్యాయాలు, 38 వచనాలు. తర్వాత జెకర్యా 4, మళ్లీ ఎజ్రా 5, 6. ఎజ్రా 4లో 6వ వచనం నుంచి 23 దాకా తర్వాతి రాజుల కాలపు సంగతులు కలిసి ఉన్నాయి, అక్కడ తికమక పడకండి. సందేహాలుంటే కింద రాయండి.