గ్లాసు తేరుకునే దాకా ఆగండి
(జిల్లా సైన్స్ ఫెయిర్‌లో న్యాయనిర్ణేతలను ఉద్దేశించి చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, తోటి టీచర్లకు, పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పమని చీటీ రాసిచ్చారు. అదంతా చదివేసరికి పిల్లల బ్యాటరీలు దిగిపోతాయి, క్షమించాలి. "మార్కులు ఎట్లా వేయాలో జడ్జీలకు రెండు ముక్కలు చెప్పండి సార్" అన్నారు. మార్కుల ఫారం మీ చేతుల్లోనే ఉంది, మళ్లీ నేనెందుకు చదవడం? ఒక గ్లాసు సంగతి చెబుతాను.

నల్గొండ జిల్లా వాళ్లకు ఫ్లోరైడ్ గురించి చెప్పక్కర్లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. మర్రిగూడ వైపు వంకర తిరిగిన కాళ్లు చూసినవాళ్లం మనం. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో దీనికో పద్ధతి కనిపెట్టి నల్గొండ టెక్నిక్ అని మన పేరే పెట్టారు. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్, అంతే. కలిపితే దూదిపింజల్లాంటి తెట్టు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంచుకోవాలి.

నా దగ్గర ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఇదే చేసింది. వాళ్ల నాయనమ్మకు మోకాళ్లు వంగవు. ఇంటి బోరు నీళ్లు బిందెలో పట్టుకుని బస్సులో వచ్చింది, సగం ఒలికిపోయాయి. పక్క స్టాల్లో అగ్నిపర్వతం. వంటసోడా, వెనిగర్, ఎర్ర లైట్లు. ఆ థర్మాకోల్ కొండ షాపులో కొన్నదని అందరికీ తెలుసు. ఈ థర్మాకోల్ గురించి మొదలుపెడితే సాయంత్రమవుతుంది, వదిలేస్తాను.

జడ్జి గారు వచ్చేసరికి గ్లాసు ఇంకా తెల్లగా, బురదబురదగా ఉంది. తేరుకోవడానికి గంట పడుతుంది మరి. ఆయన మంచి ప్రశ్నే వేశారు. "నీళ్లు తేటగా అయితే ఫ్లోరైడ్ పోయినట్టేనా అమ్మా?"

పిల్ల గ్లాసు వంక చూస్తూ ఆగింది. ఎంతసేపు? మూడు సెకన్లు, నాలుగు. నాకు టెన్షన్. గబుక్కున నేనే అందుకున్నాను. ఫ్లోరైడ్‌ను పరీక్షించే జిర్కోనియం ఎలిజరిన్ చుక్కలు, ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపు, తగ్గితే గులాబీ రంగు, అంతా గడగడా అప్పజెప్పాను. ఆయన తలూపి, ఏదో రాసుకుని వెళ్లిపోయారు. ప్రైజు అగ్నిపర్వతానికి వచ్చింది.

బస్టాండులో ఆ పిల్ల అంది: "బోరు నీళ్లు ముందుగూడ తేటగనే ఉండె గద సార్. తేట జూసి తాగే గద మా నాయనమ్మకు గిట్లయింది."

అర్థమైందా అండీ? ఆ జవాబు నా రంగుల పాఠం కంటే వెయ్యి రెట్లు మేలు. అది పిల్ల నోట్లోనే ఉంది, నేను రానివ్వలేదు. చాలా ఏళ్లు ఆ జడ్జిని తిట్టుకున్నాను. ఆయన్నెందుకు తిట్టడం?

గైడ్ టీచర్లూ, మీకే చెబుతున్నా. జడ్జిలు రాగానే మీరు క్యాంటీన్‌కు వెళ్లండి, టీ నా ఖాతాలో రాయించండి. జడ్జి గారూ, పిల్ల ఆగితే మీరూ ఆగండి. జవాబు రాలేదని వెంటనే పెన్ను తీయకండి.

ఇందాక మూడో గదిలో చూశాను, ఒక బాబు ఇప్పుడే పటిక కలుపుతున్నాడు. ఆ గదికి ఆఖర్న వెళ్లండి. ఇప్పుడు పదకొండున్నర, పన్నెండున్నరకు తేరుకుంటుంది.