దారి చూపిన బండ్లు: బ్రిటిష్ మిలిటరీ పోలీసుల వాహనాలు

అందరికీ నమస్కారం.

సైన్యం బండి అనగానే మనకు ట్యాంకే గుర్తొస్తుంది. నేను ఈ రోజు మాట్లాడేది ఆ ట్యాంకులకు దారి చూపించిన వాళ్ల బండ్ల గురించి. బ్రిటిష్ సైన్యంలో ఎర్రటోపీల మిలిటరీ పోలీసులు ఒకప్పుడు గుర్రాల మీద తిరిగేవాళ్లు. గుర్రపు దళం 1877లో, కాలినడక దళం 1885లో ఏర్పడ్డాయి. 1926లో రెండింటినీ కలిపేశారు. పేరుకు ముందు 'రాయల్' అనే గౌరవం 1946లో వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి గుర్రం పోయి మోటార్‌సైకిల్ వచ్చింది. వాటిలో నార్టన్ 16హెచ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. బర్మింగ్‌హామ్‌లో తయారైన బండి. 490 సీసీ, ఒకటే సిలిండర్, వాల్వులు పక్కన ఉండే సైడ్ వాల్వ్ ఇంజిన్. పెద్ద స్పీడేమీ ఉండదు, కానీ రిపేరు తేలిక. వెనక సస్పెన్షన్ అసలు లేదు, సీటు కింద స్ప్రింగులే దిక్కు. గుంతలో పడితే దెబ్బంతా నడుముకే. పైనుంచి శత్రు విమానాలు చూడకుండా హెడ్‌లైట్‌కు మూత తొడిగి సన్నటి సందు మాత్రం వదిలేవాళ్లు. ఆ గుడ్డి వెలుతురులోనే కాన్వాయ్‌ని దాటుకుని తర్వాతి కూడలికి ముందే చేరుకోవాలి. బండికి స్టాండ్ వేసి, రోడ్డు మధ్యలో నిలబడి లారీలను మళ్లించాలి. ఆ మనిషి పావుగంట ఆలస్యమైతే వెనకొచ్చే వాళ్లంతా దారి తప్పుతారు. అందుకే నా దృష్టిలో ఈ బండి విలువ దాని స్పీడులో లేదు, వేళకు చేరడంలో ఉంది.

ఈ పని ఎంత కష్టమో ఈజిప్టులోని అల్ అలమీన్ దగ్గర తెలిసింది. 1942 అక్టోబర్ 23 రాత్రి, జర్మన్, ఇటాలియన్ సేనల మీద బ్రిటిష్ దాడి మొదలైన వేళ. ఎడారిలో రోడ్డనేదే లేదు. ట్యాంకు దళాల కోసం ఆరు బాటలు గుర్తించి సూర్యుడు, చంద్రుడు, నక్షత్రం, సీసా, పడవ, టోపీ అని పేర్లు పెట్టారు. పాత పెట్రోల్ డబ్బా రేకులో ఆ బొమ్మ ఆకారంలో కంత కోసి లోపల దీపం పెట్టేవాళ్లు. వెలుగు వెనకనుంచి వచ్చే సొంత సైన్యానికి మాత్రమే కనిపించేది. చక్రాల కింద నలిగి ఇసుక పిండిలా లేస్తోంది, పైన గుండ్లు పడుతున్నాయి. అంత దుమ్ములోనూ మిలిటరీ పోలీసులు ఆ దీపాల దగ్గర నిలబడే ఉన్నారు. చరిత్ర పుస్తకాలు సేనానుల గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. నాకు మాత్రం ఆ దీపాల దగ్గర కాపలా కాసిన వాళ్ల మీదే ఎక్కువ గౌరవం.

యుద్ధం తర్వాత నాలుగు దేశాల అధీనంలో ఉన్న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ పోలీసులు నలుగురూ ఒకే జీపులో గస్తీ తిరిగేవాళ్లు. జీపు అమెరికాది కాబట్టి స్టీరింగ్ కూడా అమెరికన్ చేతిలోనే ఉండేది.

బ్రిటన్ సొంత జీపుగా 1950లలో ఆస్టిన్ చాంప్‌ను తెచ్చింది. రోల్స్‌రాయిస్ ఇంజిన్, వెనక్కి నడిపినా అయిదు గేర్లూ పనిచేసేవి. అద్భుతమైన ఇంజనీరింగే, కానీ ఖరీదెక్కువ. చవకైన ల్యాండ్ రోవరే నిలిచింది. జర్మనీ, బెర్లిన్ రెండుగా చీలిన రోజుల్లో పశ్చిమ జర్మనీలోని హెల్మ్‌స్టెడ్ నుంచి బెర్లిన్ దాకా సుమారు 170 కిలోమీటర్ల ఆటోబాన్ (హైవే) తూర్పు జర్మనీ గుండా పోయేది. ఈ చివర సైన్యం బండి బయల్దేరిన టైము రాసుకునేవాళ్లు. అనుకున్న వేళకు అది ఆ చివర చేరకపోతే మిలిటరీ పోలీసుల గస్తీ బండి దాన్ని వెతుక్కుంటూ వెళ్లేది. బెర్లిన్ గోడ వెంబడి గస్తీకి కూడా ల్యాండ్ రోవర్లే.

ఇక బాధ కలిగించే సంగతి. ఉత్తర ఐర్లాండ్ వీధుల కోసం 1992లో ల్యాండ్ రోవర్‌కు తేలికపాటి కవచం వేసి 'స్నాచ్' అనే బండి తయారుచేశారు. రాళ్లను, తుపాకీ గుండ్లను అది ఆపగలదు. తర్వాత అదే బండిని ఇరాక్ పంపారు. అక్కడ ప్రమాదం రోడ్డు పక్క పాతిన బాంబులతో. దాని కవచం వాటికి ఆగదు. పనికి తగిన బండి ఇవ్వకుండా మనుషులను పంపడం నా లెక్కలో తప్పే. గట్టి కవచమున్న మాస్టిఫ్ వాహనాలు ఇరాక్ చేరేసరికి 2006 చివరకొచ్చింది. అలాంటి బండ్లు ఇవ్వడంలో జరిగిన జాప్యాన్ని సహించి ఉండకూడదని ఇరాక్ యుద్ధం మీద బ్రిటన్‌లో జరిగిన చిల్కాట్ విచారణ నివేదిక 2016లో తేల్చింది. స్నాచ్‌లలో చనిపోయిన సైనికుల కుటుంబాలు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాయి. ఆ కేసులు విచారించవచ్చని బ్రిటన్ సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. మెరుగైన వాహనాలు ఇవ్వడంలో జరిగిన ఆలస్యానికి రక్షణ మంత్రి ఆ కుటుంబాలకు 2017లో క్షమాపణ చెప్పారు.